బంజరని వ్రాసిన కొండ యెవరిది?

మెట్టసీమలో సభ జరిగినప్పుడెల్ల మొక్కలు నాటుటను గూర్చియే ప్రసంగములు సాగుచుండును. గుంటలు త్రవ్వుదురు, నారు దెత్తురు, ఛాయాపటము దీయింతురు. మరుసటి వేసవికి గుంటలు మాత్రము మిగులును. వ్యవసాయ ప్రదర్శకులమై గ్రామములు తిరుగు మాకిది క్రొత్త కాదు. నేలను కాచి నిలిపినవారికి ఆ నేలపై నెట్టి హక్కున్నదన్న ప్రశ్న మాత్ర మేసభలోను వినము. దానిని గూర్చియే కర్షక సోదరులతో కొంత ముచ్చటింపదలచితిమి.

అనంతపురము సీమలో, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా యనబడు భాగమున, చెన్నేకొత్తపల్లి చేరువ కల్పవల్లి యను కొండనేల కలదు. అచ్చట ఏటి వర్షము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. 1990లో స్థాపితమైన టింబక్టు కలెక్టివ్ అను సంస్థ తోడ్పాటుతో, ముష్టికోవెల మొదలగు గ్రామములవారు ఆ దశకపు మొదటి యేండ్లలోనే ఆ కొండలను కాచుటకు బూనుకొనిరి. అప్పటికవి రాళ్లు తేలిన బోడికొండలు. చెరువు నిండవలెనన్న పై వాలున వాన నిలువవలెనని వారు గ్రహించిరి.

చేసిన పనిలో వింత యేమియు లేదు. నరకుట మానిరి. వేసవిలో నిప్పు ప్రాకకుండ గడ్డిని వెడల్పాటి బాటలుగా కోసివైచిరి. కావలివారిని బెట్టిరి. నరికిన మోడునకు వేరు చావదు. ఏటేట చిగురు వేయుచునే యుండును. ఆ చిగురును మేకయో కొడవలియో నిప్పో హరించుటచేతనే అది చెట్టు కాలేకపోవుచున్నది. పశువు నోటికందని యెత్తునకు దానిని రానిచ్చినచో తరువాత దానంతటదే పెరుగును. గడ్డిమొదళ్లు వాననీటి పరుగును అడ్డగించును. నీరింకినచోట విత్తనము నిలుచును. ఇట్లు ఏడువేల యెకరములకు పైబడిన నేల పచ్చబడినది. వాగుల వెంబడి ఈతచెట్లు లేచినవి. బుట్టలల్లువారికి ఈతాకు, ఇండ్లు కప్పుకొనువారికి బోదగడ్డి దొరకినవి. తోడేళ్లును చేరినవి; గొర్రెలకాపరు లిందుకు సంతసింపరు, వారి మాటయు వినదగినదే. గ్రామములవారు 1995 నాటి చట్టము ననుసరించి పరస్పర సహాయక సహకార సంఘముగా నేర్పడిరి.

మేకలను, కాపరులను తరిమివేసిన చాలునని కొందరందురు. మేమొప్పుకొనము. నిప్పును ముందుగా చూచువాడు కాపరియే. ఏ కొండను ఏ నెలలో మూయవలెనో, ఎప్పుడు తెరువవలెనో వారితో గూర్చుండి నిర్ణయించుట మేలు.

ఇంత జరిగినను రెవెన్యూ లెక్కలలో ఆ నేల బంజరే. 2010 తరువాతి యేండ్లలో గాలిమరలు నిలుపుటకై కొండలను తొలిచి బాటలు వేసిరి. త్రవ్విన మన్ను వాలులపై జారి చెట్లను కప్పెను, వాగులను పూడ్చెను. గాలిమరల విద్యుచ్ఛక్తి దేశమునకు అక్కరయే, కాదనము. అయినను దాదాపు ఇరువదియేండ్లు కాచినవారికి లెక్కలలో చోటే లేకపోవుట మాకు సహింపరానిదిగా దోచుచున్నది.

2006 నాటి అటవీహక్కుల చట్టము, తాము సంప్రదాయముగా కాచుచున్న అడవిని నిర్వహించుకొను హక్కును గ్రామసముదాయమున కిచ్చినది. కాని అది అడవిగా నెన్నబడిన నేలకే. బంజరని వ్రాసిన కొండకు ఆ రక్ష చేరుట దుర్లభము. 2011లో జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, గ్రామపు ఉమ్మడి భూములనుండి ఆక్రమణదారులను తొలగించి గ్రామమునకు మరల నప్పగింప రాష్ట్రముల నాజ్ఞాపించినది. ఆ తీర్పు నాశ్రయింపవలెనన్నను, నేల ఉమ్మడిదని చూపు కాగితము చేత నుండవలయును.

కావున మన సంఘములు తాము కాచు ప్రతి సర్వే నెంబరును లెక్కలలో ఏ పేరున నున్నదో మొదట చూచుకొనవలయును. మేతబీడుగానో గ్రామ ఉమ్మడి నేలగానో వ్రాయింపవలెనని గ్రామసభలో తీర్మానించి, అర్జీని తహసీల్దారు కచ్చేరిలో దాఖలు చేసి రసీదు పుచ్చుకొనుడు. కావలి కూలి, గడ్డి రాబడి, నిప్పు పడిన తేదీలు ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఈ వేసవి ముగియులోపల అర్జీ పంపిన సంఘములు దాని నకలు నొకటి ఈ పత్రికకును పంపినచో, తక్కిన గ్రామములవారికి మాదిరిగా ప్రకటింతుము.