మన నేల చదువు మన పిల్లలకు

కృష్ణా–గోదావరి బేసిన్‌లో అన్వేషణ తొలి రోజుల్లోనే, 1970ల చివర, నరసాపురం బావిలో సహజవాయువు పడింది. ఆ బావి తవ్విన చమురు, సహజవాయువు సంస్థ ఓఎన్‌జీసీ పేరు ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. నేల పొరల్లో ఏముందో చెప్పే భూగర్భశాస్త్రం గురించి మాత్రం మన ఇంటర్ విద్యార్థులకు చెప్పేవారే తక్కువ. ఎంపీసీ అయితే ఇంజనీరింగు, బైపీసీ అయితే వైద్యం. మరో దారి లేదా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ శాఖ 1941 నుంచీ ఉంది. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1961లో వెలసింది. భూగర్భ సర్వేక్షణ సంస్థ కొలువులకు యూపీఎస్సీ ప్రత్యేకంగా పరీక్షే పెడుతోంది.

ఉద్యోగాల మాట అటుంచినా, ఈ చదువు అవసరం డెల్టాకే ఎక్కువ. గోదావరి తేవలసిన ఒండ్రు ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది. తీరం కోతకు గురవుతోంది, బోర్లలో ఉప్పునీరు తగులుతోంది. గ్యాసు, నీరు తోడేకొద్దీ నేల ఎంత కుంగుతోందన్నది కొలిచి తేల్చాల్సిన ప్రశ్న. ఆ కొలతలు ఈ డెల్టా పిల్లలే తీయాలని మా గట్టి కోరిక.

ఓఎన్‌జీసీ అధికారులు, స్థానిక కళాశాలలు కలిసి విద్యార్థులకు బావుల రాతి నమూనాలు చూపించాలి. పేరుపాలెం తీరానికి తీసుకెళ్లి ఇసుక మేటలను, కోతను వారి చేతనే కొలిపించాలి. డిగ్రీ ప్రవేశాలకు ముందే ఈ పని మొదలవ్వాలి.