బ్యాటరీ మారిస్తే సరిపోదు

సంపాదకులకు,

కారు బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే కొత్తది వేయించడమే మార్గమని గత సంచికలోని వ్యాసం తేల్చేసింది. ఆ సలహా పాఠకులకు నష్టమే. కరెంటు ఎక్కడో కారిపోతుంటే కొత్త బ్యాటరీ కూడా నిలవదు.

ముందు కొలవాలి. కారు ఆపి కొన్ని గంటలయ్యాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో అది 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. పెరగకపోతే అనుమానించాల్సింది ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును.

అవీ బాగున్నాయా? అయితే తాళం వేసిన కారే కరెంటు తాగేస్తుండవచ్చు. గడియారం, అలారం లాంటివాటికి 50 మిల్లీఆంపియర్ల లోపు పోతే ఫర్వాలేదు. నేరుగా బ్యాటరీకి కలిపిన డ్యాష్‌క్యామ్, ఆరని డిక్కీ లైటు, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్ కలిసి అర ఆంపియర్ లాగితే 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ నాలుగు రోజుల్లోపే ఖాళీ! నెగటివ్ టెర్మినల్ విప్పి, మధ్యలో మల్టీమీటర్ పెట్టి, కారులోని కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారేదాకా ఆగి, ఒక్కో ఫ్యూజు తీస్తూ పోవాలి. రీడింగ్ ఎక్కడ పడిపోతే లోపం అక్కడే. మీటరు అలా ఉండగా మాత్రం కారు స్టార్ట్ చేయకూడదు.

మన ఎండల ఊసు కూడా వ్యాసంలో లేదు. విజయవాడ, రామగుండం వేసవి వేడికి లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

ఈ పరీక్షలు చేయకుండా కొత్త బ్యాటరీ అంటగట్టే షాపుకు పాఠకులు డబ్బు కట్టవద్దు.

– ఒక పాఠకుడు, విజయవాడ