చట్నీ వద్దంటే చాలదు

ప్రొద్దుటూరులో కారం దోసె, జమ్మలమడుగులో ఉగ్గాని బజ్జి, పులివెందులలో సంగటీ ఊరిబిండీ... వీటి జోలికి పోకుండా ఎవరైనా ఉండగలరా? ఉండక తప్పనివాళ్లు కొందరున్నారు. వాళ్లకు శెనక్కాయలు పడవు. మెట్ట చేను నుంచి గానుగ దాకా శెనక్కాయే బతుకైన సీమలో ఇంతకన్నా చిక్కేముంటుంది చెప్పండి!

‘చట్నీ లేకుండా ఇవ్వండి’ అంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. గుత్తివంకాయ గుజ్జులో కలిసిన శెనక్కాయ పొడి కంటికి కనిపించదు. చట్నీలో ముంచిన గరిటే సాంబారులోకి వెళ్తుంది. నూనె సంగతి మరీ ముఖ్యం. బాగా రిఫైన్ చేసిన శెనక్కాయ నూనెలో అలర్జీ తెచ్చే ప్రొటీను దాదాపు ఉండదు. ఇప్పుడు మళ్లీ అందరూ మెచ్చుకుంటున్న గానుగ నూనెలో మిగిలి ఉంటుంది. మీవాడు ఏది తినొచ్చో డాక్టరునే అడగండి.

హోటల్లో ‘ఇందులో శెనక్కాయలున్నాయా?’ అని అడిగితే సర్వరు నాలుక చివర ‘లేవు సార్’ సిద్ధంగా ఉంటుంది. ‘ఇది వేటితో చేస్తారు? ఏ నూనె వాడతారు?’ అని వంటమాస్టరునే అడగండి. రద్దీ లేని వేళ వెళ్తే ఆయనకూ ఓపిక ఉంటుంది. ఇంకోమాట, ‘పడదు’ అని ఊరుకోకండి. మనకు వంకాయా పడదు, పక్కింటివాళ్లూ పడరు! ‘తింటే ఊపిరాడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి’ అని విడమరచి చెప్పండి. ‘కొంచెం తింటే ఏం కాదులే’ అనే పెద్దవాళ్లకూ అదే మాట.

ఈమధ్య ఇంకోరకం హోటళ్లూ మన దారిలోకి వచ్చాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ వైపు కొరియన్ వంటకాలు దొరుకుతున్నాయి. కొరియన్ సీరియళ్లు చూసే పిల్లలు కదిరి మీదుగా వెళ్లొద్దామని పోరుపెట్టడమూ సహజమే. అక్కడి వంటలో శెనక్కాయ వాడకం మనంత లేదు. అమ్మయ్య అనుకోకండి. నువ్వుల నూనె చాలా వంటకాల్లో పడుతుంది, శెనక్కాయలు పడని కొందరికి నువ్వులూ పడవు. గోచుజాంగ్ అనే ఎర్రకారం ముద్దలో సోయా ఉంటుంది, చాలా బ్రాండ్లలో గోధుమో బార్లీయో కూడా కలుస్తుంది. అందుకే బియ్యప్పిండి ముద్దలతో చేసే తొక్‌బొక్కి గోధుమ పడనివాళ్లకు క్షేమమని చెప్పలేం. మంచినీళ్లలా పోసే టీ కూడా బార్లీదే కావచ్చు. కిమ్చీ పేరుకు క్యాబేజీ పచ్చడే, అందులో మామూలుగా రొయ్యలో చేపల సాసో కలుపుతారు. శాకాహారులూ గమనించాలి! శెనక్కాయను కొరియాలో ‘త్తాంగ్‌కోంగ్’ అంటారు. నేలలో గింజ అని అర్థం. మీకు పడని పదార్థాల పేర్లు కొరియన్ లిపిలో రాయించుకుని వంటగదిలోకి పంపితే మేలు.

మెనూలో రాసి ఉండదా అంటారా? కేంద్ర లైసెన్సు ఉన్నవి, పది లేదా అంతకుమించి శాఖలున్నవి అయితే అలర్జీ కారకాలు తెలపాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు చెబుతున్నాయి. మన వీధి హోటలుకు అవి వర్తించవు. పైగా ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో మాత్రం 2023 నుంచి ప్యాకెట్లపై చెప్పి తీరాలి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా పొరపాటున నోట్లోకి వెళ్తే? పెదవులు వాచి, గొంతు బిగిసి, ఆయాసమో కళ్లు తిరగడమో మొదలైతే అలర్జీ మాత్ర వేసి చూద్దామని కూర్చోవద్దు. ప్రాణం నిలిపేది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించకుండా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి. తేరుకున్నా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, లక్షణాలు మళ్లీ తిరగబెట్టొచ్చు. అందుకే గండికోట చూడబోతూ కొత్త వంటకం రుచి చూడాలనిపిస్తే, ఆ ముచ్చటేదో ఆసుపత్రి దగ్గరగా ఉండే జమ్మలమడుగులోనే తీర్చుకుని కొండెక్కండి.