అరిచేవాడికి షిఫ్టు అప్పగించకండి

పారిశ్రామికవాడల కార్మికులకు, కెమిస్టులకు, యాజమాన్యాలకు

పోయిన వారం మా పక్క ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులో ఇద్దరికి ఒళ్ళు కాలింది. సాల్వెంట్ వాసన గుప్పుమంటోందని ఒడిశా హెల్పర్ ఒకడు అరగంట ముందే చెప్పాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు షిఫ్ట్ ఇన్‌చార్జ్. రేపు విచారణ నివేదికలో వాల్వు పాడైందని రాస్తారు. ఈ మాట మాత్రం రాయరు.

ఆ ఇన్‌చార్జ్ ఒక్కడిదే తప్పని మేము అనం. ఎమ్మెస్సీ చదివి కెమిస్టుగా చేరాడు. బ్యాచ్‌లు టైముకు తీస్తున్నాడని ఇరవై మందిని అతని చేతిలో పెట్టారు. రియాక్టర్ వేడెక్కితే ఏం చేయాలో అతనికి రాసిచ్చారు. కింది మనిషి భయపడుతూ వచ్చి ఒక మాట చెబితే ఎలా వినాలో ఎవరూ నేర్పలేదు. పైనుంచి టార్గెట్ కోసం తనమీద ఎలా అరిచారో, తనూ అలాగే అరిచాడు. మన ఫ్యాక్టరీల్లో నాయకత్వం నేర్పడమంటే ఇంతే. చెప్పినవాడికి తిట్లు పడతాయి కాబట్టి రెండోసారి ఎవడూ చెప్పడు. షిఫ్టు అయ్యాక ఇన్‌చార్జ్ లాగ్ బుక్‌లో "అంతా నార్మల్" అని రాసి, స్కూటర్ తాళం తీసుకుని వెళ్ళిపోతాడు. తర్వాతి షిఫ్టుకు వచ్చినవాడు ఆ రాత కింద సంతకం పెడతాడు. హెల్పర్లకు వచ్చింది ఒడియా, హిందీ. గోడమీద హెచ్చరికలు ఇంగ్లీషులో.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో కళ్ళు మండుతున్నాయని, ఎక్కడో లీకవుతోందని కార్మికులు చెప్పారు. పైవాళ్ళు టీ విరామం అయ్యాక చూద్దామనుకున్నారు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడితే సైరన్ మోగలేదు. అచ్యుతాపురంలో 2024 ఆగస్టులో ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు. పాశమైలారంలో 2025 జూన్ 30న అలాంటి పేలుడులోనే 50 మందికి పైగా పోయారు. ఇంకెన్ని శవాలు కావాలి?

ప్రమాదం ముంచుకొస్తోందని అనుమానం వస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పే హక్కు కార్మికుడికి 1987లోనే ఫ్యాక్టరీల చట్టంలో వచ్చింది. 2020 కార్మిక భద్రత కోడ్‌లోనూ ఉంది. ఆ హక్కును అణిచేస్తున్నది ఇన్‌చార్జ్ కసురుడు.

అందుకే అడుగుతున్నాం. మనుషులతో మాట్లాడటం, వినడం, తగాదా తీర్చడం నేర్చుకుని, తన కింద పనిచేసేవాళ్ళ ముందు చేసి చూపించినవాడికే షిఫ్టు అప్పగించాలి. హోటల్లో ఒకరోజు పవర్‌పాయింట్ చూపించి సర్టిఫికెట్ ఇస్తే ఒప్పుకోం. షిఫ్టు మారేటప్పుడు జీతంతో కూడిన పావుగంట ఇవ్వాలి. ఇద్దరు ఇన్‌చార్జ్‌లూ రియాక్టర్ దగ్గర నిలబడి, హెల్పర్లకు అర్థమయ్యే భాషలో ప్లాంటు పరిస్థితి చెప్పుకోవాలి. పని ఆపమన్నవాడి భయం ఉత్తదని తేలినా ఒక్క రూపాయి కోయకూడదు, కాంట్రాక్టర్‌తో చెప్పి పంపించేయకూడదు.

ప్రొడక్షన్ పడిపోతుందట. పేలిన షెడ్డులో ప్రొడక్షన్ ఎంత? గట్టిగా ఉండకపోతే వర్కర్లు మాట వినరట. గట్టిగా ఉన్నచోటే మనుషులు కాలిపోయారు. ఈ వాదనలకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అన్నల్లారా, తమ్ముల్లారా, అక్కచెల్లెళ్ళారా! రేపు షిఫ్టుకు వెళ్ళగానే సేఫ్టీ కమిటీలో మన తరఫున ఎవరున్నారో అడగండి. పేర్లు చెప్పలేకపోతే నలుగురూ కలిసి కాగితం రాసి ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి, నకలు దాచుకోండి. ప్లాంటు చూడకుండా లాగ్ బుక్‌లో సంతకం పెట్టకండి.