జన్యువు, అవరోధం, కృషీవలుడు

సత్సంగాలలోను, ప్రవచనానంతర చర్చలలోను రెండు మాటలు తరచుగా వినవస్తుంటాయి. మొదటిది: “పూర్వులు నుదుటివ్రాత అన్నదానినే నేటివారు జన్యువు అంటున్నారు. పుట్టుకతో వచ్చినది పుడకలతో గాని పోదు.” రెండవది దీనికి సర్వథా విపరీతం: “ధ్యానబలంతో జన్యువులనే మార్చుకోవచ్చు. రోగం తగ్గలేదంటే సాధనలో లోపమున్నట్లే.” మొదటి మాట రోగిని నిశ్చేష్టుణ్ణి చేస్తుంది. రెండవ మాట రోగినే దోషిగా నిలబెడుతుంది. ఈ రెండూ విజ్ఞానశాస్త్రానికి విరుద్ధాలే, ధర్మానికీ విరుద్ధాలే అని నా నిశ్చితాభిప్రాయం. కణంలో జన్యువులు ఎలా వ్యక్తమవుతాయో, ఎలా నిగ్రహింపబడతాయో కొంత తెలుసుకుంటే ఈ రెండు మాటలూ నిలువవు. ఆ విషయాన్ని గ్రహించడానికి యోగదర్శనంలోని ఒక దృష్టాంతం మనకు చక్కగా తోడ్పడుతుంది.

ముందుగా విషయస్వరూపం. మన దేహంలోని కణాలన్నీ ఒకే ఫలదీకృత అండం నుండి ఉద్భవించినవి. నేత్రంలోని కణానికి, కాలేయంలోని కణానికి సంక్రమించిన డీఎన్‌ఏ దాదాపు ఒక్కటే. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలున్న ఆ మహాగ్రంథంలో ప్రోటీన్లను నిర్దేశించే జన్యువులు సుమారు 20,000. కాంతిని గ్రహించే రోడాప్సిన్ అనే ప్రోటీనుకు సంబంధించిన జన్యువు కాలేయకణంలోను ఉన్నది. అయినా కాలేయానికి చూపు లేదు. రక్తంలోని ఆల్బుమిన్‌ను నిర్మించే జన్యువు కంటిపొరలోను ఉన్నది. అయినా కన్ను ఆ పని చేయదు. జన్యువులోని వ్రాత ఆర్‌ఎన్‌ఏగా ప్రతిలిఖితమై, ఆ ప్రతిని అనుసరించి ప్రోటీను నిర్మితమైనప్పుడే జన్యువు వ్యక్తమైనదంటాము. అంతవరకు అది ఉండీ లేనట్లే. ఏ కణంలో, ఏ దశలో, ఎంత పరిమాణంలో ఏ జన్యువు వ్యక్తం కావాలన్న నిర్ణయమే జన్యునియంత్రణ.

సాంఖ్యదర్శనంతో పరిచయమున్నవారికి వ్యక్తావ్యక్త పదాలు కొత్తవి కావు. కార్యం కారణంలో అవ్యక్తంగా ముందే ఉంటుందని, నువ్వులలో నూనె ఉన్నట్లే ఉంటుందని సత్కార్యవాదం చెబుతుంది. మరి అవ్యక్తంగా ఉన్నది వ్యక్తం కావడానికి ఏమి జరగాలి? దానిని ఎవరైనా ముందుకు నెట్టాలా, లేక అడ్డు తొలగితే చాలునా? ఇదే ప్రశ్నను 20వ శతాబ్దంలో ఒక సూక్ష్మజీవి ద్వారా ఫ్రాన్స్ దేశపు శాస్త్రజ్ఞులు పరిశీలించారు.

1940 దశకపు ఆరంభంలో జాక్ మోనో అనే జీవశాస్త్రజ్ఞుడు పారిస్‌లో బాక్టీరియాలకు రెండు రకాల చక్కెరలను ఒకేసారి ఆహారంగా ఇచ్చి, వాటి వృద్ధిని గమనించాడు. మన ప్రేగులలో నివసించే ఈ-కోలై బాక్టీరియాకు గ్లూకోజును, పాలలో ఉండే లాక్టోజును కలిపి ఇస్తే అది ముందుగా గ్లూకోజును భుజిస్తుంది. అది ముగిసిన తరువాత వృద్ధి కొంతసేపు ఆగిపోతుంది. పిమ్మట లాక్టోజును ఆరగిస్తూ మళ్ళీ వృద్ధి చెందుతుంది. ఆ విరామంలో జరిగేది ఏమిటి? లాక్టోజును ఛేదించే ఎంజైము అప్పటివరకు కణంలో దాదాపు లేదు. ఆ విరామంలో దాని నిర్మాణం మొదలవుతుంది. దాని పరిమాణం సుమారు వేయి రెట్లు పెరగగలదు.

ఇది ఎలా సాధ్యమో మోనో, ఫ్రాన్స్వా జాకబ్ 1961లో వివరించారు. 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిసి వారు నోబెల్ పురస్కారాన్ని స్వీకరించారు. వారి వివరణ ఇది: లాక్టోజు సంబంధమైన జన్యువుల ద్వారం వద్ద ఒక నిరోధక ప్రోటీను కూర్చొని ఉంటుంది. అది ఉన్నంతవరకు ఆ జన్యువుల ప్రతిలేఖనం జరగదు. లాక్టోజు కణంలో ప్రవేశించినప్పుడు, దాని నుండి ఏర్పడే ఒక స్వల్పరూపాంతరం ఆ నిరోధకాన్ని అంటిపెట్టుకొంటుంది. నిరోధకం ఆకృతి మారి, అది డీఎన్‌ఏను విడిచిపెడుతుంది. మార్గం తెరుచుకొంటుంది. లాక్టోజు అయిపోగానే నిరోధకం మళ్ళీ తన స్థానానికి వస్తుంది. ఇక్కడ లాక్టోజు జన్యువును సృష్టించలేదు, మార్చలేదు, నెట్టలేదు. అడ్డుగా ఉన్నదానిని తొలగించినది, అంతే.

యోగసూత్రాల కైవల్యపాదం చదివినవారికి ఇక్కడ ఒక కృషీవలుడు గుర్తుకు రాక మానడు. ఆ పాదంలోని మూడవ సూత్రంలో పతంజలి, నిమిత్తం ప్రకృతిని ప్రేరేపించదని, అవరోధాన్ని మాత్రమే భేదిస్తుందని చెప్పి, సేద్యగాణ్ణి ఉదాహరిస్తాడు. వ్యాసభాష్యం ఆ చిత్రాన్ని విస్తరిస్తుంది. నిండిన మడి నుండి పక్కమడికి నీరు పారించదలచిన రైతు నీటిని చేతులతో తోయడు. గట్టులో మడవ తెరుస్తాడు. నీరు తనంతట తానే పారుతుంది. అదే రైతు భూరసాలను వరివేళ్ళలోకి బలవంతంగా ఎక్కించలేడు. కలుపు తీస్తాడు. రసాలు వాటంతట అవే వేళ్ళలో ప్రవేశిస్తాయి. మన పల్లెలలో పొలం గట్టు మీద నిలబడి చూసినవారికి ఈ దృష్టాంతానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పతంజలికి జన్యువులు తెలుసునని నేను అనడం లేదు, అనకూడదు కూడా. ఆ సూత్రసందర్భం జాత్యంతర పరిణామం, అనగా ఒక జన్మ నుండి మరొక జన్మస్వరూపంలోకి మార్పు. కణజీవశాస్త్రం అక్కడ ప్రస్తావితం కాదు. పైగా సామ్యం కూడా సంపూర్ణం కాదు. అదే ఈ-కోలైలో గ్లూకోజు లేనప్పుడు మరొక ప్రోటీను డీఎన్‌ఏపై చేరి, ప్రతిలేఖన యంత్రాంగాన్ని ఆహ్వానించి, దానికి చేయూతనిస్తుంది. అడ్డు తొలగడంతోపాటు తోడ్పాటు కూడా ఉన్నదన్న మాట. కనుక కృషీవలుని దృష్టాంతం సత్యంలో ఒక భాగాన్ని చూపే దీపం. ఆధునిక పరిశోధనలన్నిటినీ మన గ్రంథాలలో వెదికి చూపించే ఉత్సాహం ఋషులకు గౌరవం చేకూర్చదు. వారు చెప్పినదానిని చెప్పినంతవరకు గ్రహించడమే వారికి గౌరవం.

ఆ దీపంతో ఇప్పుడు మానవదేహంలోని ఒక జన్యువును చూద్దాము. ఇక్కడే మన చర్చ ఒక కుటుంబపు కన్నీటిని తాకుతుంది.

మాతృగర్భంలో ఉన్న శిశువు రక్తంలోని హిమోగ్లోబిన్ వేరు, మనది వేరు. శిశువు హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మరింత గట్టిగా పట్టుకోగలదు. అందుకే తల్లి రక్తం నుండి దానిని గ్రహించగలుగుతుంది. జననకాలం సమీపించే కొద్దీ ఆ శైశవ హిమోగ్లోబిన్ జన్యువులు నిగ్రహింపబడి, పెద్దల హిమోగ్లోబిన్‌కు చెందిన బీటా జన్యువు విజృంభిస్తుంది. సంవత్సరం తిరిగేసరికి శైశవరూపం సుమారు నూటికి ఒక వంతుకు తగ్గుతుంది. కాని ఆ జన్యువులు ఎక్కడికీ పోలేదు. వృద్ధాప్యంలో కూడా అవి మనలో ఉన్నాయి, అవ్యక్తంగా.

సికిల్‌సెల్ వ్యాధిలో బీటా జన్యువులోని ఒక్క అక్షరం మారి ఉంటుంది. ఆ ఒక్క అక్షరభేదం వలన హిమోగ్లోబిన్ అణువులు ఆక్సిజన్‌ను విడిచిన తరువాత పరస్పరం అతుక్కొని దారాలుగా పేరుకొంటాయి. ఎర్రకణం కొడవలి ఆకారానికి వంగుతుంది. సూక్ష్మనాళాలు మూసుకొంటాయి. దుస్సహమైన నొప్పి, రక్తహీనత, అవయవాల క్షీణత దీని ఫలం. అయితే ఈ వ్యాధితో పుట్టిన పసికందులకు తొలి నెలలలో బాధ ఎందుకు ఉండదు? వారిలో శైశవ హిమోగ్లోబిన్ ఇంకా మిగిలి ఉండడమే కారణం కావచ్చునని 1948లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు సూచించింది. ఆమె ఊహ నిజమైనది.

మరి ఆ జన్యువులను మూసి ఉంచుతున్న గట్టు ఏది? బీసీఎల్11ఏ అనే ప్రోటీను ప్రధాన నిరోధకమని 2008లో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఆర్కిన్ ప్రభృతులు బోస్టన్‌లో నిరూపించారు. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా ఆమోదించిన క్యాస్‌జెవీ అనే చికిత్స ఈ జ్ఞానం మీదనే ఆధారపడినది. రోగి రక్తమూలకణాలను వెలికి తీసి, క్రిస్పర్ విధానంతో ఒక చిన్న కోత పెట్టి, తిరిగి దేహంలోకి ఎక్కిస్తారు. గమనించదగిన అంశమేమంటే, దోషమున్న బీటా అక్షరాన్ని ఈ చికిత్స ముట్టుకోదు. రక్తకణాలలో బీసీఎల్11ఏను బలపరిచే డీఎన్‌ఏ భాగాన్ని మాత్రమే ఛేదిస్తుంది. నిరోధకం క్షీణిస్తుంది. దశాబ్దాలుగా నిద్రాణమైన శైశవ జన్యువు మేల్కొంటుంది. గట్టులో మడవ తెరుచుకొన్నది, నీరు పారినది.

ఇప్పుడు మొదట చెప్పిన రెండు మాటలను పరీక్షిద్దాము. “జన్యువే నుదుటివ్రాత” అన్నవారికి సమాధానం స్పష్టం. ఒకే సికిల్‌సెల్ జన్యువును వహించిన ఇద్దరిలో, శైశవ హిమోగ్లోబిన్ ఎక్కువగా నిలిచినవారికి బాధ సాధారణంగా తక్కువ. వ్రాత ఒక్కటే, వ్యక్తీకరణ వేరు. వ్రాతకు, అనుభవానికి మధ్య నియంత్రణ అనే విశాలక్షేత్రం ఉన్నది. ఆ క్షేత్రంలో పురుషప్రయత్నానికి తావున్నది. “ప్రారబ్ధం అనుభవించవలసినదే కదా, చికిత్స ఎందుకు?” అని కొందరు వైరాగ్యభాషలో అడుగుతారు. ఆ ప్రశ్న మన వైద్యాచార్యులకు కొత్తది కాదు. చరకసంహిత విమానస్థానం ఆయుఃప్రమాణం దైవపురుషకారాల బలాబలాలపై ఆధారపడి ఉంటుందని, దుర్బలమైన దైవాన్ని ప్రబలమైన పురుషకారం జయిస్తుందని ప్రతిపాదించినది. కర్మసిద్ధాంతం ఔషధాన్ని నిషేధించదు. ఔషధం అందించడం కూడా కర్మయే కదా!

“ధ్యానంతో జన్యువులను మార్చుకోవచ్చు” అన్నవారికి నా విన్నపం వేరు. ధ్యానం చిత్తాన్ని శాంతింపజేస్తుంది. ఆ శాంతి రోగికి గొప్ప ఆలంబనం. కాని బీటా జన్యువులోని అక్షరాన్ని ధ్యానం సరిచేయదు. ఎర్రకణం కొడవలిగా వంగకుండా ఆపదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న బాలునితో “నీ సాధన చాలలేదు” అనడం అజ్ఞానానికి క్రౌర్యాన్ని జోడించడమే. పతంజలి రైతు గట్టు మీద కళ్ళు మూసుకొని నీరు పారాలని సంకల్పించలేదు. ఏ గట్టో తెలుసుకొని, పార పట్టుకొని దిగినాడు.

ఏ గట్టో తెలుసుకోవడం మన సమాజపు కర్తవ్యం కూడా. భారతదేశంలో ఈ జన్యువు ఉనికిని 1952లో నీలగిరులలో తొలిసారి గుర్తించారు. ఆంధ్ర, తెలంగాణ మన్యప్రాంతాల ఆదివాసీ సమాజాలలోను ఇది ఉన్నది. సికిల్‌సెల్ నిర్మూలన కోసం కేంద్రప్రభుత్వం 2023 జులైలో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించి, 40 సంవత్సరాలలోపు వయస్సున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని సంకల్పించినది. తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైతే, ప్రతి గర్భంలోను నాలుగింట ఒక వంతు సంభావ్యతతో, ఆ దంపతులకు రోగగ్రస్తమైన శిశువు జన్మిస్తుంది. వాహకునికి సాధారణంగా ఏ బాధా ఉండదు. అందుచేత వివాహానికి పూర్వం జాతకాలు చూపించే కుటుంబాలు, ఈ జన్యువు ఉన్న ప్రాంతాలలో, సమాజాలలో, రక్తపరీక్ష కూడా చేయించడం వివేకం. అన్నిటికంటె ముఖ్యంగా, రోగగ్రస్తమైన బిడ్డను కన్న తల్లిని “ఏ జన్మలో చేసిన పాపమో” అని నిందించడం ఇకనైనా ఆగాలి. జన్యువు ఇద్దరి నుండి వచ్చినది. నింద ఒక్కతెకే ఎందుకు?

క్యాస్‌జెవీ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. మన్యంలోని బాలునికి అది నేడు అందనిది. కాని హైడ్రాక్సీయూరియా అనే మాత్ర శైశవ హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది, నొప్పి ఉద్ధృతులను తగ్గిస్తుంది, ఖరీదు స్వల్పం. వైద్యుని పర్యవేక్షణలో దానిని క్రమంగా వాడాలి. అన్నదానం చేసే సంస్థలు, ఆశ్రమాలు, భజనమండలులు ఒక పరీక్షాశిబిరానికి, ఒక సంవత్సరపు ఔషధానికి పూనుకొంటే అది ఏ యజ్ఞానికీ తీసిపోదు.

ఈశ్వరుడు నీటిని ఇచ్చినాడు, దానికి పారే స్వభావాన్నీ ఇచ్చినాడు. గట్టును గుర్తించే బుద్ధిని, పార పట్టే చేతులను మనకు ప్రసాదించినాడు. పక్కమడి ఎండిపోతుంటే గట్టు మీద కూర్చొని విధిని గూర్చి ఉపన్యసించడం భక్తి అనిపించుకోదు.