కాటా లేని తూకం!

చెరకు పండించే బోధన్ రైతుకి తూకం గురించి వేరే చెప్పాలా! 1937లో మొదలైన శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడేదాకా అక్కడికి బండ్లకొద్దీ చెరకు వెళ్లేది. కాటా ఎక్కితేగానీ అసలు బరువు తేలదు. కానీ అనుభవమున్న రైతు గట్టు మీద నిలబడి, గడ ఎత్తూ లావూ చూసి ఎకరానికి ఎన్ని టన్నులో చెప్పేస్తాడు. ఖగోళ శాస్త్రవేత్తలు చేసేదీ అదే. తేడా ఒక్కటే... వాళ్లకి కాటా లేదు!

వాళ్లు తూచేది గెలాక్సీ సమూహాలని. వందలూ వేల గెలాక్సీలని గురుత్వాకర్షణ కట్టిన మోపులవి. పెద్దవాటి బరువు వంద లక్షల కోట్ల సూర్యుళ్లకి పైమాటే. అందులో నూటికి ఎనభై పాళ్లకు పైగా కంటికి కనిపించని కృష్ణపదార్థమే. మరి తూచేదెలా? సమూహం నిండా ఉండే వాయువు కోట్ల డిగ్రీల వేడితో ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. బరువు పెరిగితే ఆ వేడీ పెరుగుతుంది. మామూలు సూత్రం ప్రకారం బరువు 8 రెట్లయితే వేడి 4 రెట్లు. వేడి కొలిస్తే బరువు తెలిసినట్టే.

కానీ రేగడి లెక్క చెలకకు పనికొస్తుందా? ఈ సూత్రమూ ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతం మీద కట్టుకున్నదే. దాన్ని సవరించిన కొన్ని నమూనాల్లో ఆకర్షణ మూడోవంతుదాకా పెరగొచ్చు. అప్పుడు అంతే బరువుకి వేడి ఎక్కువ. పాత సూత్రంతో తూస్తే లేని బరువు కనిపిస్తుంది! అందుకే సమూహం తన వెనకున్న గెలాక్సీల కాంతిని ఎంత వంచిందో కొలిచి సరిచూస్తారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, బరువైన సమూహాలు ఏ కాలంలో ఎన్ని ఉన్నాయన్న దాన్నిబట్టే విశ్వం ఎలా పెరిగిందో తేలుతుంది. ఉండాల్సినన్ని సమూహాలు లేవని 2013లో ప్లాంక్ ఉపగ్రహ బృందం చెప్పింది. సిద్ధాంతం తప్పా, తూకం తప్పా? చర్చ మొదలైంది. 2024లో ఈరోసీటా టెలిస్కోప్ బృందం కాంతి వంపుతో సరిచూస్తూ 5,259 సమూహాలని లెక్కగడితే, ప్రామాణిక నమూనాతో సరిపోయింది.

మన దగ్గరా ఈ పని సాగుతోంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కి చెందిన శంతను దేశాయ్, ఏబెల్ 1689 అనే సమూహం ఆధారంగా గురుత్వాకర్షణని మోసుకెళ్తుందని భావించే 'గ్రావిటాన్' కణం బరువుకి 2018లో ఓ హద్దు కట్టారు.

పంటకైనా విశ్వానికైనా తూకం సరిగ్గా ఉంటేనే ఖాతా సరిగ్గా ఉంటుంది మరి!