పైకోర్టు భ్రమ

మన అభ్యుదయ మిత్రులలో ఒక విచిత్రమైన ధోరణి కొంతకాలంగా బలపడుతున్నది. న్యాయస్థానాలు పాలకవర్గాల పనిముట్లని సభలో ఉపన్యసిస్తారు. మరునాడు తమవాడెవడైనా కేసులో ఇరుక్కుంటే, "కింది కోర్టులో ఏమైతేనేం, హైదరాబాదులో పెద్ద లాయరున్నాడు, హైకోర్టులో చూసుకుందాం" అంటారు. మొదటి మాటలో కోర్టు మీద అపనమ్మకం. రెండో మాటలో పైకోర్టు మీద మూఢభక్తి. చూపులకు ఇవి పరస్పర విరుద్ధాలు. కాని రెండింటి ఫలితమూ ఒక్కటే: ముద్దాయి బోనులో నిలబడిన మొదటి రోజున అతని పక్కన మనవాడెవడూ ఉండడు. నేను ఖండించదలచింది ఈ ధోరణినే.

నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. తెలుగు సాహిత్యం చదివి కళాశాలలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ సంగతి నాకు చండ్రుగొండ నేర్పింది. ఒకనాడు ఖమ్మం జిల్లాలోదై, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఆ మండలంలో అడవి అంచు గూడేలకు పోడు కేసులు కొత్త కాదు. అక్కడి నుంచి వచ్చి చదువుకుంటున్న మా విద్యార్థి తండ్రి కోయ రైతు. రిజర్వు ఫారెస్టులో చొరబడి దున్నాడని అతనిపై కేసు పెట్టారు. ఒక మేజిస్ట్రేటు కోర్టు శిక్ష వేసింది. సెషన్సు కోర్టు అప్పీలు కొట్టివేసింది. ఇక మిగిలింది హైకోర్టులో రివిజను. కాగితాల కట్ట పట్టుకుని తండ్రీ కొడుకులతో నేనూ హైదరాబాదు వెళ్లాను.

మేము కలిసిన న్యాయవాది హైకోర్టుకు రాకముందు చాలా ఏళ్లు జిల్లా కోర్టుల్లో సాక్షులను విచారించినవాడు. తీర్పు చదువుతాడనుకున్నాను. ఆయన తీర్పును పక్కకు పెట్టి ముందుగా సాక్షుల వాంగ్మూలాలు తీశాడు. బీటు ఆఫీసరు సాక్ష్యం ఒక పేజీ. దాని చివరి పంక్తి మీద వేలుపెట్టి నాకు చూపించాడు: "క్రాస్: నిల్." అనగా ముద్దాయి తరఫున ఆ సాక్షిని ఒక్క ప్రశ్నా అడగలేదు. హద్దురాయి ఎక్కడుందని అడగలేదు. సర్వే ఎవరు చేశారని అడగలేదు. ఆ భూమి మీద 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు ఉందా లేదా అని అడగలేదు.

దరఖాస్తు ఉన్నది! దాని రసీదు ఆ రైతు ఇంట్లో ఇనప పెట్టెలో భద్రంగా ఉన్నది. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా అడవిలో సాగు చేసుకుంటున్న గిరిజనుణ్ణి భూమి నుంచి తొలగించరాదని ఆ చట్టమే చెబుతున్నది. న్యాయవాది అడిగాడు: "ఈ రసీదు కింది కోర్టులో ఎగ్జిబిటుగా వేశారా?" లేదన్నాం. "అయితే కోర్టు దృష్టిలో ఈ కాగితం ఇంకా పుట్టలేదు" అన్నాడు.

"నీ వకీలుకు ఇది చూపించలేదా?" అని రైతును అడిగాను. "సారూ, ఆయన అడిగింది నాకు తెల్వలె, నేను చెప్పింది ఆయనకు తెల్వలె. వాయిదా అన్నడు, పోయిన. సంతకం అన్నడు, వేలిముద్ర ఏసిన" అన్నాడతడు.

అదనపు సాక్ష్యం స్వీకరించే అధికారం పైకోర్టుకు లేకపోలేదు. కాని అది ముద్దాయి హక్కు కాదు, కోర్టు విచక్షణ. అప్పుడెందుకు దాఖలు చేయలేదో చెప్పుకోవాలి. ఆ న్యాయవాది అటువంటి పిటిషనే వేశాడు. అది ఇంకా తేలలేదు. మొదటి కోర్టులో ఒక నిమిషంలో కావలసిన పనికి ఇప్పుడు ఏళ్లు పడుతున్నవి.

మా సాహిత్య విద్యార్థులకు తెలిసిన ఉపమానం ఒకటి చెబుతాను. అప్పీలు న్యాయవాది ప్రాచీన కావ్య పరిష్కర్త వంటివాడు. పరిష్కర్తకు తాళపత్ర ప్రతే ఆధారం. లేఖకుడి తప్పును పట్టుకోగలడు, పాఠభేదాలను పోల్చగలడు, అన్వయం సరిచేయగలడు; ప్రతిలో లేని పద్యాన్ని మాత్రం సృష్టించలేడు. అప్పీలులోనూ అంతే. సాక్షి పోలీసులకు ఒకటి చెప్పి కోర్టులో మరొకటి చెప్పాడనుకుందాం. ఆ వైరుధ్యాన్ని సాక్షి ముందుంచి, ప్రశ్నించి, దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేసి రికార్డులోకి ఎక్కించవలసింది విచారణ కోర్టులోనే. అక్కడ జారవిడిచినదాన్ని హైకోర్టులో ఎంతటి వాగ్ధాటి అయినా తిరిగి తేలేదు. ఎదురు ప్రశ్న పడని సాక్ష్యాన్ని ఒప్పుకున్న సాక్ష్యంగా చూడడం కోర్టుల రివాజు.

కనుకనే విచారణ కోర్టు అనుభవం లేని అప్పీలు న్యాయవాది పుస్తక పండితుడుగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. రికార్డులో ఉన్నదాన్ని అతడు చదువుతాడు. అనుభవం ఉన్నవాడు రికార్డులో లేనిదాన్ని కూడా చదువుతాడు. ఈ సాక్షి ఇక్కడ ఎందుకు తడబడ్డాడు, ఈ పంచనామా ఏ స్టేషనులో కూర్చుని రాసి ఉంటారు, ఈ ప్రశ్న ఎవరికి భయపడి మానుకున్నారు అని గ్రహిస్తాడు.

ఇందులో భాషా సమస్య కూడా ఉన్నది. కోయలో ఆలోచించినవాడి మాట తెలుగులోకి వస్తుంది. ఆ తెలుగు ఇంగ్లీషు టైపు అవుతుంది. ఆ ఇంగ్లీషు హైకోర్టుకు చేరుతుంది. అడవిలో ఒక మనిషి చూసిన చూపు మూడో భాషలో ఎంత మిగులుతుంది? ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడిస్తే, అతనికి తెలిసిన భాషలో వినిపించాలని క్రిమినల్ ప్రొసీజరు చట్టంలోనే ఉన్నది. కాని ఆ నియమాన్ని గుర్తుచేసేవాడు ఆ గదిలో ఉండాలి కదా!

మన చరిత్ర ఈ సత్యాన్ని ముందే చెప్పింది. కన్నబిరాన్‌ను మనం పౌరహక్కుల నాయకుడుగా, రాజ్యాంగ వ్యాఖ్యాతగా పొగడుతాం. ఆయన కుట్రకేసుల విచారణలలో ఏళ్ల తరబడి డిఫెన్సు నడిపిన న్యాయవాది అన్న సంగతిని వెనక్కు నెడతాం. 1974లో మొదలైన సికిందరాబాదు కుట్రకేసులో కవులనూ రచయితలనూ ముద్దాయిలుగా నిలబెట్టారు. 1989లో గాని అది కొట్టుడుపోలేదు. ముద్దాయిలలో ఒకడైన చెరబండరాజు 1982లోనే కన్నుమూశాడు. పదిహేనేళ్లు! ఆ పదిహేనేళ్ల పోరాటం పైకోర్టు వేదిక మీద ఉపన్యాసం కాదు; వాయిదా వెంట వాయిదా, సాక్షి వెంట సాక్షి. అంతకుముందు తరిమెల నాగిరెడ్డి తన కేసులో కోర్టుకు ఇచ్చిన ప్రకటనే 'తాకట్టులో భారతదేశం' గ్రంథమైంది. విచారణ కోర్టు రికార్డును ప్రజల పక్షాన ఎలా నింపవచ్చునో ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

బాలగోపాల్ మార్గం వేరు. గణితాచార్యుడుగా ఉండి, తరువాత న్యాయవాది అయినవాడు. కింది కోర్టుల్లో చిరకాలం గడపకుండానే హైకోర్టులో సమర్థుడు కాలేదా అని ఎవరైనా అడగవచ్చు. అయినాడు. కాని నల్లకోటు తొడగకముందే ఏళ్ల తరబడి నిజనిర్ధారణలకని పల్లెలూ గూడేలూ తిరిగి, బాధితుల నోట సంగతి విని, అధికారుల మాటతో పోల్చి రాసుకున్నాడు. అది కూడా సాక్షులను విచారించడమే.

2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎన్‌కౌంటరు మరణాలపై తీర్పు చెప్పింది. పౌరహక్కుల పక్షాన వాదించినవారిలో కన్నబిరాన్, బాలగోపాల్ ఉన్నారు. అంతటి పెద్ద బెంచి ముందు వారు సాధించినదేమిటి? ప్రతి ఎన్‌కౌంటరు మరణానికీ కేసు నమోదు కావాలి. ఆత్మరక్షణ అన్న మాటను పోలీసులు విచారణలో రుజువు చేసుకోవాలి అన్నదే. అనగా పైకోర్టులో అంత పోరాడి గెలిచింది కింది కోర్టు విచారణనే! ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. 2014లో మరో కేసులో కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి అంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. విచారణ అంటే పాలకవర్గాలకు ఎందుకంత భయమో మనం ఆలోచించవద్దా?

ఇక నా వాదానికి గట్టి అభ్యంతరం ఒకటి ఉన్నది. దాన్ని దాటవేయను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టును ఆ ఊరికే తెప్పించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మరి కింది కోర్టు రికార్డు ఎంత బాగుంటే ఏమి లాభం?

లాభం ఇది: హత్యాకాండ జరిగిన ఊళ్లోనే, కళ్లారా చూసినవారి నోటి మాట ప్రమాణపూర్వకంగా రికార్డుకెక్కింది. దాన్ని చదివిన రెండు కోర్టులు రెండు విధాల అర్థం చేసుకున్నవి. ప్రాణభయంతో పొలాలకు అడ్డంపడి పరుగెత్తినవాడు సమయమూ స్థలమూ గడియారం చూసి చెప్పాలా అన్న ప్రశ్న ఆ తేడాలోనే ఉన్నది. ఆ ప్రశ్న వేయడానికీ, తీర్పును సుప్రీంకోర్టులో సవాలు చేయడానికీ ఆధారమైంది ఆ రికార్డే. కింది కోర్టులో గెలిస్తే చాలునని నేననడం లేదు. అక్కడ మౌనంగా ఉన్నవాడికి పైన పోరాడే నేలే ఉండదంటున్నాను.

మళ్లీ చండ్రుగొండకు వస్తాను. 2022 నవంబరు 22న ఆ మండలంలో బెండాలపాడు అడవిలో, పోడు వివాదంలో ఫారెస్టు రేంజి ఆఫీసరు చలమల శ్రీనివాసరావును నరికి చంపారు. ఆ హత్యను సమర్థించే వాదమేదీ నా దగ్గర లేదు, ఉండరాదు కూడా. కాని ఆ వెంటనే గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లగొట్టాలన్న కేక లేచింది. ఇద్దరి మీద మోపిన నేరానికి ఒక జాతినంతటినీ బోనెక్కించడమేమిటి? 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించింది. నేరం ఎవరిదో, ఎంతవరకో వ్యక్తులవారీగా తేల్చవలసిన స్థలం విచారణ కోర్టే. అది సవ్యంగా నడిస్తే చనిపోయిన ఉద్యోగి కుటుంబానికీ న్యాయం, నేరం చేయని గూడేనికీ రక్షణ. అది నామమాత్రంగా సాగితే ఇద్దరికీ అన్యాయమే.

కాబట్టి మిత్రులారా, పెద్ద లాయరు కోసం చందాలు పోగుచేసే ముందు చిన్న కోర్టు వరండాలో నిలబడదాం. షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతున్నది. దాన్ని గూడెంలో చెప్పడానికి న్యాయ పట్టా అక్కరలేదు. కోయ తెలిసిన మన విద్యార్థులు వకీలుకూ ముద్దాయికీ మధ్య మాట దాటించగలరు. రసీదును పెట్టెలో నుంచి తీసి సకాలంలో కోర్టుకు చేర్చగలరు. న్యాయశాస్త్రం చదివే మన పిల్లలు పట్టా చేతికి రాగానే హైకోర్టు మెట్లు వెతుక్కోకుండా, కొన్నేళ్లు కొత్తగూడెంలోనో సత్తుపల్లిలోనో సాక్షుల ముఖాలు చూడాలి. రేపటి అప్పీలు న్యాయవాదులు అక్కడే తయారు కావాలి.

కోర్టు వర్గాతీతం కాదన్న మాట నిజమే. అందుకే అక్కడ మన మాట లేకుండా ఒక్క పుట కూడా ముగియనీయరాదు. "క్రాస్: నిల్" అని టైపు కొట్టింది కోర్టు గుమాస్తా కావచ్చు. ఆ ఖాళీని విడిచింది మాత్రం మనమే.